కుర్చీ మళ్ళీ విరిగింది

వెల్డింగ్ ముసుగు తీయగానే లోపలున్నది ఆడపిల్లని తెలిసింది. పని చేయించుకోడానికి వచ్చిన మనిషి తన విరిగిన సైకిల్ క్యారియర్ వెనక్కి లాక్కున్నాడు.

“మగోళ్ళు లేరేటి?” అన్నాడు.

“నాను సేత్తాను బాబూ,” అంది దుర్గ.

అతను వినలేదు. క్యారియర్ చంకలో పెట్టుకుని గోపాలపట్నం మార్కెట్ వైపు వెళ్ళిపోయాడు. అంతకుముందు వచ్చినవాళ్ళూ అలాగే వెళ్ళారు.

ఎదుటి బడ్డీ దగ్గర టీ తాగుతున్న ఒక పెద్దాయన అదంతా చూశాడు.

అది బీద పిల్లలకు వెల్డింగ్ నేర్పే రేకుల షెడ్డు. రెండువేల నాలుగో సంవత్సరం. ఆ ఏడే మొదటిసారి ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. నేర్పే మాస్టారు అర్జునరావుది ఒకటే పట్టు. తుక్కు ముక్కలు అతికితే పని వచ్చినట్టు కాదు. బయటి మనిషి వస్తువు బాగుచేయాలి, ఆ మనిషి నోటితో బాగుందనిపించుకోవాలి. అప్పుడే పరీక్షకు పంపుతాడు. పరీక్ష గట్టెక్కితే గాజువాకలో ఉద్యోగం.

మగపిల్లలకు పని దొరికింది. ఆడపిల్లల ముందు ఎవరూ ఒక చీల కూడా పెట్టలేదు.

దుర్గ తండ్రి వీరన్న సముద్రం మీద వేటకు పోయే మనిషి. పరీక్షకు వెళ్ళకపోతే దుర్గ తల్లి వెంట చేపల తట్ట మొయ్యాలి. తట్ట మొయ్యడం తప్పని కాదు. ఆమెకు నిప్పు మీద మనసు పడింది.

మర్నాడు ఆ పెద్దాయన ఇనప కుర్చీ మోసుకుని వచ్చాడు. ఒక కాలు విరిగింది. పేరు అచ్యుతరామయ్య అని, పోర్టులో ఉద్యోగమని చెప్పాడు. మాటలో గోదావరి యాస.

దుర్గ అతికింది. ఆయన కుర్చీ ఎత్తి షెడ్డు ముందున్న సిమెంటు గట్టుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. కాలు ఊడి పడింది.

“బంక రాశావా అమ్మాయ్?”

మళ్ళీ అతకమన్నాడు. బాగుందనకుండానే పట్టుకుపోయాడు.

పై వారం బిందెల స్టాండు తెచ్చాడు. తర్వాత మంచం కోడు. తర్వాత కిటికీ చువ్వ. తర్వాత మళ్ళీ అదే కుర్చీ, ఈసారి ఇంకో కాలు. ఒకసారి దుర్గ ముందు పెట్టేవాడు, ఒకసారి తోటి పిల్ల సూర్యకళ ముందు. ఎవరు అతికినా గట్టుకేసి కొట్టడమే. ఆడపిల్లలు వెనకాల ఆయనకు విరుగుళ్ళాయన అని పేరు పెట్టారు.

సూర్యకళ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“మీ ఇంట్లో ఏనుగు గానీ ఉందేటి బాబూ?”

“ఉందమ్మా. కూర్చోడానికి కుర్చీ లేక నిలబడే ఉంది. తొందరగా కానీ,” అన్నాడు ఆయన, మొహంలో నవ్వన్నది లేకుండా.

దుర్గకు మాత్రం అందులో వింతేమీ కనబడలేదు. ఆమె పుట్టి పెరిగింది ఒడ్డున. అక్కడ ఉప్పుగాలి ఇనుమును బెల్లం ముక్కలా తినేస్తుంది. బొక్కెన అడుగు ఊడుతుంది, తలుపు గొళ్ళెం చేతికొస్తుంది. ఇనప వస్తువన్నాక విరుగుతుందనే ఆమెకు తెలుసు. ఆమె కోపమంతా బాగుందనని ఆయన నోటి మీదే. ఆయన మీద పళ్ళు కొరుకుతూ రాడ్డు పట్టింది, పళ్ళు కొరుకుతూనే అతికింది. అతుకు వంకర పోవడం ఎప్పుడు మానిందో ఆమెకే తెలియదు.

ఒకనాడు రిక్షాలో ఏకంగా గేటు రెక్క తెచ్చాడు. దుర్గ అతికింది. గట్టుకేసి కొట్టాడు. ఊడలేదు. సుత్తి అడిగి కొట్టాడు. గట్టు పెచ్చు లేచింది గానీ అతుకు లేవలేదు.

ఆయన చేతులు దులుపుకుని అర్జునరావు వైపు తిరిగాడు.

“బాగుంది మాస్టారూ. ఈ అమ్మాయిని పంపండి.”

ఆ మాట సూర్యకళకూ దక్కింది, మిగతా ఆడపిల్లలకూ దక్కింది. అందరూ పరీక్షకు వెళ్ళారు. అందరూ గట్టెక్కారు.

తిరిగొచ్చేటప్పుడు సిటీ బస్సులో ఒకటే గోల. కండక్టరు మొదట కసిరాడు. సంగతి తెలిశాక తనే ఈల వేశాడు. వీరన్న మర్నాడు వేటకు పోలేదు. తమ పిల్ల నిప్పుతో ఇనుము కుడతాదని పేటంతా తిరిగి చెప్పుకొచ్చాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పాడు. దుర్గ లడ్డూలు పంచింది. షెడ్డులో పంచింది, పేటలో పంచింది, టీ బడ్డీవాడికి కూడా ఇచ్చింది.

అందరికీ ఇచ్చాక ఆయన గుర్తొచ్చాడు. ఇలాంటివాళ్ళు లోకానికి ఎప్పుడూ చివర్నే గుర్తొస్తారు.

వీధి పేరు కనుక్కుని వెళ్ళింది. ఇల్లు చూపమని ఎవరినీ అడగక్కర్లేకపోయింది. గేటు మీద తన అతుకు దూరం నుంచే కనబడింది. దాన్ని వేలితో తడిమి మురిసిపోయింది.

తలుపుకు తాళం వేసి ఉంది.

పక్కింటి చిట్టమ్మ అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. ఆయనకు ఉద్యోగం అయిపోయిందనీ, నిన్న పొద్దున్నే పాసింజరు ఎక్కి గోదావరి వైపు వెళ్ళిపోయాడనీ చెప్పింది. ఏ ఊరో ఆమెకు తెలియదు. ఒంటి మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదట.

దుర్గ పొట్లం ఆమె చేతిలోనే పెట్టింది.

“పాపం, ఆ బాబు సామానంతా ఉప్పుగాలికి పోనాది పిన్నీ. నానే అతికీదాన్ని,” అంది కాస్త గొప్పగా.

చిట్టమ్మ లడ్డూ కొరకబోయి ఆగింది.

“ఇక్కడ ఉప్పుగాలేటి పాపా? సముద్రం ఎక్కడ, మనమెక్కడ? నా పెళ్ళినాటి కుర్చీ ఇంకా రాయిలాగుంది.”

“మరి?”

“ఆదివారం వచ్చిందంటే సాలు, పెరట్లో కూకుని బాగున్నవన్నీ ఆయనే ఇరగ్గొట్టీవాడు.”