ఏడో తరగతిలో కాళ్లకట్లు

"మాస్టారూ, ఇంకో కాలు విరిగింది!" మెట్లు దిగుతూనే కేకేసింది బడి ఆయమ్మ.

ఆటల మాస్టారి చేతిలోంచి బంతి జారిపోయింది. "మళ్లీ ఏడో తరగతేనా?"

"ఇంకెవరు బాబూ? ఆ బుంగమూతి పిల్లాడు. పాదం నిండా తెల్లటి కట్టు, కుంటుకుంటూ వచ్చాడు. వీళ్లవి కాళ్లా, సుద్దముక్కలా?"

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ముందు ఆ కొత్తపిల్ల. బళ్లో చేరి నెల తిరక్కుండానే బంతి వెనక పరిగెత్తి, పాదం మెలికపడి, చిటికెన వేలి వెనక ఎముక పుటుక్కుమంది. కట్టున్నవాళ్లు గ్రౌండులోకి దిగకూడదని పెద్ద మేడం రూలు. అందుకని ఆటల పీరియడంతా పైగదిలో ఒక్కతే కిటికీకి అతుక్కుని కూర్చునేది పాపం. పిల్లలన్నాక పడతారు, లేస్తారు అనుకున్నాడు మాస్టారు. అంతలోనే ఇంకో ఇద్దరు. ఆ తర్వాత రోజుకొకరు కట్టుతో ఆ పైగదికే చేరారు. ఇదెక్కడి చోద్యం!

కాలు కాలిన పిల్లిలా గ్రౌండంతా తిరిగాడు. గుంట లేదు, రాయి లేదు. అడిగితే ఒకడు మంచం మీంచి దూకానంటాడు, ఒకతె బాత్రూములో జారానంటుంది. బుంగమూతివాడైతే నేలచూపులు చూస్తూ కట్టు సర్దుకున్నాడు.

పెద్ద మేడం పిలిపించనే పిలిపించింది.

"ఇంతవరకూ ఒక్క తల్లీ తండ్రీ వచ్చి నిలదీయలేదంటే మన అదృష్టం. వాళ్లొచ్చేలోపే గ్రౌండుకి తాళం వేయిస్తాను."

"ఆడుకోకుండా పిల్లలెలా పెరుగుతారు మేడం?"

"కుంటుతూ మాత్రం పెరుగుతారా? మీ విజిల్ వినబడితే చాలు, నా గుండె దడదడలాడుతోంది."

"ఒక్కసారి ఎముకల డాక్టరమ్మకి చూపిద్దాం. ఆవిడ వెయ్యమంటే ఆ తాళం నా చేత్తో నేనే వేస్తాను." ఆ మాట అంటూనే మెళ్లో విజిల్ని గుప్పిట పట్టుకున్నాడు మాస్టారు. ఆ గ్రౌండు తప్ప ఆయనకి వేరే లోకం తెలీదు మరి.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. "ఈమధ్య మా దగ్గరికి ఇలాంటి పిల్లలు ఎక్కువే వస్తున్నారు. పరుగులు, గెంతులు, చక్రాల బూట్లు. కంగారు పడకండి, ఎదిగే ఎముక తొందరగానే అతుక్కుంటుంది" అంటూ పైగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మాస్టారు బయట వేళ్లు విరుచుకుంటూ నిలబడ్డాడు. లోపల గుసగుసలు. ఆ వెనకే కిలకిలలు.

"విరిగిన కాళ్లతో ఆ నవ్వులేంటండీ?" మేడం మొహం చిట్లించింది.

"నొప్పి తగ్గిందేమోనండీ" అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

డాక్టరమ్మ పెదవి బిగబట్టుకుని బయటికొచ్చింది.

"తాళం వేయించమంటారా?" మేడం అడిగింది.

"అక్కర్లేదు. ఆ కొత్తపిల్లని కుర్చీలో కూర్చోబెట్టి గ్రౌండు పక్కకి తీసుకెళ్లండి, గోల్స్ ఆ అమ్మాయి లెక్కపెడుతుంది. మిగతావాళ్లు ఇవాళ సాయంత్రమే ఆడతారు."

మాస్టారు నోరు తెరిచాడు. మేడం ఇంతెత్తున లేచింది. "ఇవాళేనా! ఎముకలు అతకొద్దూ?"

డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"విరిగింది ఆ కొత్తపిల్ల కాలొక్కటే, మేడం."