అరవై రోజుల కాగితం

“మళ్ళీ పీకేశాడు నా కాగితం!”

మార్లాకు ఒళ్ళు మండిపోయింది. ఆర్కన్సాలోని ఆ కోళ్ళ ఫ్యాక్టరీలో పూటకు పది నిమిషాలే విరామం. అందులో నాలుగు ఈ గొడవకే పోతున్నాయి.

కూతురి సాఫ్ట్‌బాల్ జట్టుకు డబ్బు పోగెయ్యడానికి చర్చిలో ప్యాన్‌కేకుల విందు పెడుతోంది. ఆ సంగతి రాసి కాఫీ మిషను పైన, గోడకున్న ఏదో కాగితం మీద అంటిస్తుంది. గదులు తుడిచే ముసలాయన ఓటిస్ వచ్చి ఊడదీసి, నలగకుండా బల్ల మీద పెడతాడు.

“పక్కన బోలెడు గోడుంది కదమ్మా!”

“అందరూ చూసేది ఇక్కడే పెద్దాయనా! ఆ కిందున్న దాన్ని ఎవడు చదివాడు గనక?”

“అది కంపెనీ చేత కోర్టు పెట్టించిన కాగితం. అరవై రోజులు దాన్ని కప్పకూడదు. ఇవాళ నలభై ఒకటి.”

“లెక్క కూడానా! నువ్వేమన్నా జడ్జివా?”

“తుడిచేవాణ్ణి. కార్మిక బోర్డు తప్పు కంపెనీదేనంది. కంపెనీ ఖాతరు చెయ్యక పై కోర్టుకెక్కింది. బోర్డు చెప్పిందే రైటనడానికి కోర్టుకి ఆరేళ్ళు పట్టింది. ఆరేళ్ళ పోరుకి అరవై రోజుల గోడ ఇవ్వలేమా తల్లీ?”

“నాకున్నవే పది నిమిషాలు. నీ ఉపన్యాసం ఇంక ఆపు!”

మర్నాడు మళ్ళీ అంటించింది. మళ్ళీ ఊడదీశాడు. రెండు వారాలు ఇదే తంతు. ముసలాయన కేకలేసినా బావుండేది, మెత్తగా నవ్వేవాడు. అది మరీ మండించేది.

యాభై ఏడో రోజున విసిగిపోయి సూపర్‌వైజర్ గ్రేడీకి చెప్పేసింది. ఆ కాగితమంటేనే గిట్టని గ్రేడీకి అంతకన్నా ఏం కావాలి? శుభ్రం చేసే కాంట్రాక్టరుకు ఫోను చేసి, ముసలాయన్ను వేరేచోటికి మార్పించేశాడు.

యాభై ఎనిమిదో రోజు పని ముగించి ఓటిస్, విరామంలో కాఫీ తాగుతున్న మార్లా దగ్గరికొచ్చాడు. మెడలోని బ్యాడ్జి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది గ్రేడీకిచ్చెయ్యమ్మా. ఇంకో రెండ్రోజులే. దాని మీద ఏమీ అంటించకు.”

ఒక్క నిష్ఠూరమైనా ఆడకుండా వెళ్ళిపోయాడు.

మార్లాకు మనసు చివుక్కుమంది. అంతగా ఏముందోనని మొదటిసారి ఆ కాగితం చదివింది.

పని మధ్యలో పది నిమిషాల విరామం కావాలని సంతకాలు సేకరించినందుకు లొరెట్టా ప్రూయిట్‌ను తీసేశాం. ఇకపై ఎవరినీ అలా తీసెయ్యం. ఆమె ఉద్యోగం ఆమెకు తిరిగి ఇస్తాం.

చేతిలో కాఫీ కప్పు వైపు చూసుకుంది. విరామం ఇంకా మూడు నిమిషాలుంది.

అప్పుడే గ్రేడీ కాఫీకి వచ్చాడు.

“ఈ లొరెట్టా పన్లోకి రాలేదేం?” అనడిగింది.

“ఎక్కణ్ణించి వస్తుంది? కేసు కోర్టులో నానుతుండగానే పోయింది, రెండేళ్ళయింది. మొగుడు మాత్రం వాయిదా వాయిదాకీ వచ్చి కూర్చునేవాడట. పోయినావిడకి ఉద్యోగమిస్తామని గోడకి అంటించుకోవాలి, మన ఖర్మ!”

ముసలాయన మెడలో ఎప్పుడూ వెనక్కి తిరిగి వేలాడే ఆ బ్యాడ్జిని మార్లా మెల్లగా తిప్పి చూసింది: ఓటిస్ ప్రూయిట్.