పిన్ను కింది క్లిప్పు

శ్రీశైలం చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి ఒక్క ఉరుకు ఉరికాడు.

మోత్కూర్ పత్తి మిల్లు ముందు ఆగిన బండ్లలో అతని ట్రాక్టర్ కూడా ఉంది. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు.

"ఎవ్వలది? గాడ ఏం పీకుతున్నవ్?"

ఆమె లేచి నిలబడింది. యాభై దాటిన మనిషి. తల మీద కొంగు, చేతులకు గ్రీసు, భుజానికి గుడ్డసంచి.

"పీకుత లేను బేటా. పెడ్తున్న."

అరచేయి తెరిచి చూపింది. అందులో వంగిన మేకు ఉంది. ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే పెద్ద పిన్ను జారకుండా, దాని కింది రంధ్రంలో శ్రీశైలం దూర్చిన మేకే అది.

"గీడ మేకు కాదు బేటా, క్లిప్పు ఉండాలె. గడ్డ ఎక్కేటప్పుడు బరువంత ఎనుకకు పడ్తది. ట్రాలీ మూతి మీదికి లేస్తది. మేకు విరిగిందంటే పిన్ను ఎగిరి బయట పడ్తది."

"నాకే నేర్పుతున్నవా? ట్రాక్టర్ మీదనే పెరిగిన నేను!"

సంచి గుంజి కింద బోర్లించాడు. పిన్నులు, క్లిప్పులు, ఇనుప తీగ ముక్కలు దుమ్ములో గలగలమని పడ్డాయి.

"చూడుండ్రి! ఎన్ని బండ్లకు ఊడబీకిందో!"

జనం గుమిగూడారు. ఎవరో నవ్వారు. ఎవరో ఫోన్ తీసి వీడియో పట్టారు.

"పైసలు పెట్టి కొన్నయే బేటా" అందామె.

కూర్చుని ఒక్కొక్కటే ఏరి, దుమ్ము ఊది, సంచిలో వేసుకుంది. వంగి ఒకటి అందించినవాళ్లు లేరు.

ఆమె మిల్లు గోడ మలుపు తిరిగాక చాయ్ అమ్మే బిక్షమ్మ నెమ్మదిగా అంది.

"రబియా గామె పేరు. మిల్లెనక కిరాయికి ఉంటది. బట్టలు కుడ్తది. నెత్తి జర ఖరాబైందంటరు. ఎవ్వలింటికి పోదు, ఎవ్వల్ని రానియ్యదు. నా కాడ చాయ్ తాగుతది, గ్లాసు తనే కడిగి పెట్టి పోతది."

"దొంగతనం అలవాటైనోళ్లు గట్లనే ఉంటరు" అన్నాడు శ్రీశైలం.

మేకును రాయితో తిన్నగా కొట్టి మళ్లీ అక్కడే పెట్టాడు.

తర్వాతి వారం పత్తి ఏరే కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని చేనుకు బయలుదేరాడు. కూలీల్లో అతని భార్య నిహారిక కూడా ఉంది. ఎండ తగలకుండా ఆడవాళ్లంతా వెనుక చివరకు జరిగి కూర్చున్నారు.

గుట్ట దారి సగం ఎక్కారో లేదో, వెనుక ఠక్కుమంది.

ట్రాక్టర్ కుదుపు తిన్నది. శ్రీశైలం బ్రేకు తొక్కాడు. చక్రాల కింద రాళ్లు పెట్టించి, అందరినీ దింపి, వంగి చూశాడు.

పెద్ద పిన్ను పైకి ఎగిరింది. కానీ బయటికి రాలేదు.

అతను పెట్టిన మేకు అక్కడ లేదు. దాని చోట కొత్త క్లిప్పు పిన్నును గట్టిగా కరచుకుని ఉంది. ఊడిపోకుండా దానికి సన్నటి తీగ చుట్టి ఉంది.

"ఏమైంది? గట్ల చూస్తున్నవేంది?" అడిగింది నిహారిక.

శ్రీశైలం పక్కకు చూశాడు. దారి పక్కన పాత క్వారీ గుంత, అడుగు కనిపించనంత లోతుగా ఉంది.

సాయంత్రం నేరుగా బిక్షమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నా బండి కాడికి ఎవరన్న వచ్చిండ్రా?"

"ఇంకెవలొస్తరు? మొన్న నువ్వు కాంటా కాడ తూకానికి ఉన్నప్పుడు రబియా వచ్చింది. నీకు చెప్పొద్దన్నది. తెలిస్తే మల్ల పీకేస్తడు అన్నది."

"ఇప్పుడు ఇంట్ల ఉంటదా?"

బిక్షమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"గప్పటి సంది చాయ్‌కే రాలే."

మిల్లు వెనుక గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. శ్రీశైలం కొట్టాడు. పిలిచాడు. "అమ్మా" అని కూడా పిలిచాడు. చివరికి భుజంతో తోశాడు.

రబియా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. కుట్టు మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది.

ఆమె ఫోన్‌లో ఒక్కటే నంబరు ఉంది. అది తమ్ముడు ముఖీత్‌ది. అతను కొల్లాపూర్ నుంచి పరుగున వచ్చాడు.

మోయడానికి మనుషులు సరిపోలేదు. శ్రీశైలం భుజం పట్టాడు. ఖబరస్తాన్ దాకా భుజం మార్చుకోకుండా మోశాడు.

అందరూ వెళ్లిపోయాక శ్రీశైలం, ముఖీత్ నల్లా దగ్గర చేతుల మట్టి కడుక్కున్నారు.

"అక్కకు ఎవ్వలు లేరా అన్నా?"

"ఎందుకు లేరు భాయ్? మేమున్నం. ఊరంత ఉన్నది. ఎన్నిమాట్ల పిలిచినా రాలే."

"ఏమైంది?"

ముఖీత్ నల్లా కట్టేశాడు.

"మా దిక్కు ఒక ట్రాలీ ఊడింది. కూలోళ్లు పత్తి ఏరి వాపస్ వస్తున్నరు. గడ్డ మీద ఊడి ఎనుకకు పోయి బోల్తా కొట్టింది. ఇద్దరు ఆడపిల్లలు పోయిండ్రు. పిన్నుకు క్లిప్పు లేకుండె."

శ్రీశైలం కళ్లు మూసుకున్నాడు.

"అండ్ల అక్క బిడ్డ ఉండెనా?"

"అక్కకు పిల్లలు లేరు."

"మరి అక్క గా ట్రాలీల ఉండెనా?"

ముఖీత్ తల అడ్డంగా ఊపాడు. కొత్త సమాధి మట్టి వైపు చూశాడు.

"మా ఊర్ల ట్రాక్టర్ నడిపే ఆడమనిషి అక్క ఒక్కతే ఉండె భాయ్."