చిగురెయ్యని కర్రలు

ఉప్పుటేటి గట్టున మీరేం చూశారో చెప్పండి, మడమొక్కలా, ఎండుకర్రలా?

అలలు గట్టును కోసేస్తుంటే, వేళ్లతో మట్టిని పట్టి ఉంచే మడమొక్కలు నాటమని పక్షులన్నీ తలా ఒక చేప కొంగలకు కూలిగా ఇచ్చాయి. ఎక్కడ నాటాలో గుర్తుగా కొంగలు గట్టు కొలిచి కర్రలు పాతాయి. సముద్రపు పోటు వాటిని పీకేసింది. కొంగలు ఆ చేపలు తింటూ మళ్లీ కొలిచాయి, మళ్లీ పాతాయి.

"అన్నా, నా గూటి ముందైనా నాలుగు మొక్కలు నాటించు. గుడ్లున్నాయి," అంది నీటికోడి.

"కొలత తేలకుండా నాటడమేమిటి, చెల్లీ?" అంది పెద్దకొంగ, కర్ర మీద దర్జాగా నిలబడి.

అమావాస్య పోటుకు గూడూ గుడ్లూ కొట్టుకుపోయాయి.

"అరెరే, గట్టు జరిగిపోయిందే! మళ్లీ కొలవాలి. తలా ఒక చేప తెండి," అంది కొంగ.

నీటికోడికి ఒళ్లు మండింది. "మా చేపలన్నీ మింగారు కదరా, మీ కర్రల్లో ఒక్కటైనా చిగురేసిందా?"

మిగతా పక్షులు తలలు వంచుకుని చేపల వేటకు కదిలాయి.

రేపు ఆ కొంగ మీ గుమ్మంలో నిలబడితే, మీరూ ఇస్తారా?