మధ్యాహ్నం బస్సు

చెల్లెలు పోయినప్పటి నుంచి పైడమ్మ ముంజేతికున్న, సంతోషాన్ని కొలిచే పట్టీ ఎర్రగానే వెలుగుతోంది. ఆ ఒక్క ఎరుపు వల్ల వీధి మొత్తం సంతోషం సగటు పడిపోయింది. సగటు పడిపోయిన వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజే వస్తాయి.

మొదట్లో ఓదార్చడానికి వచ్చినవాళ్లే ఇప్పుడు ఖాళీ బిందెలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నీ బాద మాకు తెల్దేటి పైడమ్మా?" అంది ఎదురింటి గౌరమ్మ తల దించుకుని. "ఊళ్లో మాత్రం ఏడవకు తల్లీ. మద్దేనం బస్సెక్కి ఓపాలి ఎల్లొచ్చెయ్. మా ఆయన పోయినప్పుడు నేనూ అదే ఎక్కినాను."

బస్సు కిక్కిరిసి ఉంది. ఎవరి చేతిలోనూ సంచీ లేదు. ఎవరూ ఎవరినీ పలకరించడం లేదు. రెండూళ్ల మధ్య దారి ఏ ఊరి లెక్కలోకీ రాదు కాబట్టి, పొలిమేర రాయి దాటగానే పట్టీలన్నీ ఆరిపోయాయి. ముందు సీట్లోని పెద్దాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. ఆ వెనకే బస్సంతా ఏడ్చింది.

ఇన్నాళ్లూ దిగమింగుకున్న పైడమ్మకు గొంతు పెగలడానికి చాలాసేపు పట్టింది. చివరికి చెల్లెలి పేరు నోటికొచ్చేసరికి కండక్టరు లేచి నిలబడ్డాడు.

"కళ్లు తుడుసుకోండమ్మా, తుడుసుకోండి," అన్నాడు మెల్లగా. "ఊరొచ్చేస్తంది."