చురక ముక్కు

తేనెపట్టు గుమ్మంలో చురక అనే తేనెటీగ కాపలా. వచ్చినవాళ్లని వాసన చూసి, మనవాళ్లయితేనే లోపలికి పంపేది. తన ముక్కంటే తనకే మహా గొప్ప.

ఓ రోజు వేపపూలలో దొర్లి వచ్చిన సొంత చెల్లెల్ని "ఎవత్తెవే నువ్వు?" అంటూ కిందకి తోసేసింది. ఆ వెనకే, ఒంటినిండా తేనెపట్టు వాసన పూసుకున్న మైనంపురుగు "బాగున్నావా అక్కా" అంది. చురక మురిసిపోయి దారి ఇచ్చింది.

లోపల పిల్లల గదులు కొరుకుతున్న చప్పుడయ్యాక గానీ చురకకి మోసం తెలిసిరాలేదు. పరుగెత్తి పురుగుని కుమ్మి, బయటికి ఈడ్చి పారేసింది.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో, తన చోట, చెల్లెలు కాపలా ఉంది. "పురుగు కంపు! ఎవత్తెవే నువ్వు?"

చురకకి నవ్వాగలేదు. "గొప్ప ముక్కుదాన్నే, నీ అక్కని! ఈ కంపు బాగా పీల్చి గుర్తుంచుకో. ఆ పురుగు మళ్లీ వచ్చి 'అక్కా' అంటే, నాలాగా మురిసిపోకు."