అక్కయమ్మ ముక్కు

అక్కయమ్మ డబ్బా మూత తీసి వాసన చూసింది. ముఖం చిట్లించి బల్ల మీద పెట్టేసింది.

"ఇది వద్దు."

"ఆంటీ, అది గోల్డ్ ఫేషియల్," అంది కుముద. ముళబాగిలులో ఆమె పార్లర్ పెట్టి రెండేళ్ళయింది. "మాది కేజీఎఫ్. బంగారం సంగతి మాకు తెలీదా?"

"గని మూసి ఇరవై ఏండ్ల పైనాయె గదమ్మా. ఈ డబ్బాలోకి యాడనుంచి వచ్చె?"

పక్క కుర్చీలో జుట్టుకు రంగు పెట్టుకుని కూర్చున్న శ్రీరక్ష టీచర్ నవ్వింది. అద్దం ముందు కూర్చున్న చైత్ర నవ్వలేదు. నవ్వితే బుగ్గలు మండుతాయి.

చైత్ర అక్కయమ్మ కోడలు. సోమవారం మాలూరులో చైత్ర చెల్లెలి నిశ్చితార్థం. అక్కడి బంధువులంతా ఫ్యాక్టరీల్లో నీడపట్టున పనిచేసేవాళ్ళు. ఎండకు కమిలిన ముఖంతో వాళ్ళ పక్కన ఫోటోలో నిలబడాలంటే చైత్రకు సిగ్గు. అందుకే రెండు నెలల కిందట సంతలో తెల్లబడే క్రీము కొని, ఎవరికీ చెప్పకుండా పూసుకుంది. గులాబీల వాసన వచ్చేది. వారం రోజులు ముఖం తెల్లగానే ఉంది. తర్వాత ఎర్రబడి, పొరలు పొరలుగా ఊడింది. ఇప్పుడు మంచినీళ్ళు తగిలినా మంటే.

ఆ నెలలోనే ఇంట్లో పట్టుపురుగుల పంట పోయింది. రేపోమాపో గూళ్ళు కట్టాల్సిన పురుగులన్నీ చైత్ర వేసిన ఆకు ముట్టకుండా చచ్చిపోయాయి. ఆ దిగుల్లో చైత్ర ముఖాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అత్త తప్ప. అత్త కూడా చూసి ఊరుకుంది. ఈ పొద్దున మాత్రం, "పద, నీ మొగానికి ఏమన్నా చేపిద్దాం," అని బస్సెక్కించింది.

కుముద ఇంకో డబ్బా తీసింది.

"ఇది బ్లీచ్. కొంచెం చుర్రుమంటుంది. అంటే పని చేస్తా ఉండాదని అర్థం."

"నీ మొగానికి పూసుకో. చుర్రుమంటే చూస్తాం."

కుముద దాన్ని లోపల పెట్టి స్క్రబ్ తెచ్చింది. అక్కయమ్మ రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది.

"గిన్నెలు తోమేదానికి బాగుంటాది."

"సరే ఆంటీ, పీల్ చేద్దాం. పై పొర తీసేస్తే కింద కొత్త చర్మం తళతళలాడుతుంది."

అక్కయమ్మ మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"పొర దానంతట అది ఊడల్ల. మనం పెరికితే బతుకుతాదా? కొత్త తోలు ఎంత మెత్తగుంటాదో నీకు తెలుసునా? దానికి ఎండ పడదు. వేడి పడదు. వాసన అసలే పడదు. గట్టిపడే దాకా చెయ్యి కూడా ఆనించకుండా చూసుకోవల్ల."

బెంగుళూరులో కుముద మూడు నెలల కోర్సు చేసింది. చివరి రోజు ఒక డాక్టరమ్మ వచ్చి, చర్మం పై పొర ఇంటి గోడ లాంటిదని, పగిలిన గోడను గీకకూడదని అరగంట చెప్పింది. మిగతా రోజులన్నీ గోడను ఎన్ని రకాలుగా గీకవచ్చో నేర్పించారు.

"ఇదంతా యాడ నేర్చుకున్నారు ఆంటీ?"

"యాడుంది? మా ఇంట్లోనే."

ఫోన్ మోగింది. కొడుకు మునిశంకర్. "అమ్మా, ఆకు కోసి పెట్టినాను. పొద్దు దిగతా ఉండాది. ఎప్పుడొస్తారు?"

"దీని మొగం పనయినంకే. అంతదాకా నువ్వు చూసుకో."

శ్రీరక్ష టీచర్ వీడియో తీయడానికి తన ఫోన్ పైకెత్తింది. "ఒక్క నిమిషం ఇట్లా తిరగండమ్మా. ఇంట్లో అంత పనుండి కూడా కోడలి మొగం కోసం కూర్చున్న అత్తను నేనెక్కడా చూడలేదు. మా అత్త నా మొగం చూసి ఆరు నెలలాయె."

కుముద అడుగు అర నుంచి ఒక తెల్ల ట్యూబు తీసింది. రంగు లేదు, మెరుపు లేదు. తెల్లబడతారని దాని మీద రాసి లేదు కాబట్టి ఎవరూ కొనరు. అక్కయమ్మ మూడుసార్లు వాసన చూసింది.

"దీంట్లో ఏమీ లేదే."

"అదే ఆంటీ దాని గొప్ప."

"అయితే ఇదే పుయ్యి."

కుముద గోరువెచ్చని నీళ్ళతో చైత్ర ముఖం కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, ఆ క్రీము పలచగా రాసింది. ఆవిరి లేదు, రుద్దడం లేదు. చైత్ర అద్దంలోకి చూసుకుంది.

"అత్తా, తెల్లబడలేదు."

"మంట తగ్గిందా?"

"తగ్గింది."

"అంతే చాలు. ఆ సంత డబ్బా పొద్దున్నే చెత్త తిప్పలో పారేసినాను. ఇంగ వెతకొద్దు."

బస్సులో చైత్ర పక్కన సెంటు పూసుకున్న ఒకావిడ కూర్చోబోయింది. అక్కయమ్మ అడ్డంగా కూర్చుని కోడలిని కిటికీ వైపుకు జరిపింది. బస్సు నంగలి ఊరు చేరేసరికి టీచర్ పెట్టిన వీడియోను నాలుగు వేలమంది చూశారు. 'అత్త కాదు, అమ్మ' అని దాని కింద రాసి ఉంది. చైత్ర అది చదివి కళ్ళు తుడుచుకుంది, బుగ్గలకు తగలకుండా.

ఇల్లు చేరారు. పురుగుల గది ముందు మునిశంకర్ ఆకు గంప పెట్టుకుని ఉన్నాడు.

"అత్తా, నా మీద నీకింత ప్రేమ ఉండాదని నాకు తెలీదు," అంది చైత్ర.

అక్కయమ్మ కోడలి గడ్డం పట్టుకుని నుదురు నుంచి మెడ దాకా నిదానంగా వాసన చూసింది. రెండు చేతులూ చూసింది. తర్వాత గది తలుపు తీసి, గంప ఆమె చేతికిచ్చింది.

"పో, ఈ తూరి పురుగులు చావవు."